స్విచ్చి తీశాక వినిపించిన మూలుగు

స్విచ్చి తీసేసిన ట్రాన్స్‌ఫార్మరు మూలగడం మీరెప్పుడైనా విన్నారా? చిన్నతల్లి విన్నది.

సాలూరు దారిలోని వాళ్ల పల్లెకు 1967లో కరెంటు వచ్చింది. ఊరి చివర రెండు స్తంభాల నడుమ ట్రాన్స్‌ఫార్మరును బిగించారు. ఆ ఇనుప పెట్టెలో, నూనెలో మునిగిన రెండు తీగచుట్టలుంటాయి, ఒకదాన్నొకటి తాకవు. మొదటి చుట్టలోకి పదకొండు వేల వోల్టులతో వచ్చిన కరెంటు, దీపాలకు సరిపడే రెండువందల ముప్పై వోల్టులై రెండో చుట్టలోంచి వెలువడుతుంది. ఆ ధాటికి లోపలి ఇనుము అదిరి, సన్నగా మూలుగుతుంది. ఊరివాళ్లకు మాత్రం అది అమ్మవారు పలకడం. స్తంభాలకు పసుపు పూశారు. అమ్మ పలికేటప్పుడు నోరు మెదపకూడదు. చేతులు జోడించి నిలబడాలి.

చిన్నతల్లి భర్త పైడిరాజు ఆ లైను మీద పనివాడు. అతను నవ్వేవాడు: "అమ్మోరు కాదే, ఇనుము! స్విచ్చి తీస్తే నోరు మూసేస్తాది, సూడు."

మరుసటి వేసవిలో ఒక గాలివానకు స్విచ్చికీ ట్రాన్స్‌ఫార్మరుకీ మధ్యనున్న తీగ జారింది. మర్నాడు మధ్యాహ్నం పైడిరాజు పిడి దించి స్విచ్చి తీశాడు. పెట్టె మూగబోయింది. అతను స్తంభమెక్కాడు. కరెంటు లేక ఊళ్లో ఆట ఆగిపోయిన డేరా సినిమా యజమాని, ఊరి లైనుకు తగిలించిన తీగ విప్పకుండానే తన జనరేటరు నడిపించాడు. ట్రాన్స్‌ఫార్మరుకు రాకపోకల తేడా తెలియదు. వెనకనుంచి చొరబడిన ఆ కొద్దిపాటి కరెంటును వేల వోల్టులుగా పెంచి పైనున్న తీగలోకి పంపింది.

చిన్నతల్లి గంజి తెచ్చి కింద నిలబడింది. స్విచ్చి పిడి దించే ఉంది. ఎండలో ఆకైనా కదలడం లేదు. పెట్టె పలకసాగింది.

ఆమె ముంత కింద పెట్టి, కళ్లు మూసుకుని, చేతులు జోడించింది.

కళ్లు తెరిచేసరికి పైడిరాజు తీగను పట్టుకునే ఉన్నాడు. పిలిస్తే పలకలేదు. పెట్టె మాత్రం పలుకుతూనే ఉంది.

స్విచ్చి తీయకుండా ఎక్కాడని, తప్పంతా అతనిదేనని విచారణలో తేల్చారు. ఎదురు చెప్పలేనివాడి మీద నేరం మోపడం ఎంత సులువు! ఆ తీర్మానాన్ని కోర్టులో ఎదుర్కోవడానికి వకాలతు తీసుకున్న నేను చిన్నతల్లికి ఒక్కటే చెప్పాను: "స్విచ్చి తీశాక అది పలికిందని సాక్ష్యం చెప్పేది నువ్వొక్కదానివే. అప్పుడు నువ్వేం చేశావని కూడా అడుగుతారు."

అత్త జగ్గమ్మ విరుచుకుపడింది. "ఒసే, మొగుడు సచ్చిపోతుంటే దండమెట్టుకున్నానని కోర్టులో సెప్తావేటే? ఊరు నీ మొకాన ఉమ్మేస్తాది!"

ఊరి చివర పెట్టె మూలుగుతోంది. జగ్గమ్మ చేతులు అలవాటుగా జోడయ్యాయి. చిన్నతల్లి చేతులు కదలలేదు.

"మావ స్విచ్చి తీసినాడు. ఆ తరవాత అది పలికినాది. నాను నోరు మూసుకున్నాను. మూడూ సెప్తాను, లాయరమ్మా."