కూలర్ మోటారు మీద గాలం కర్ర

ఇది ఒక మహాచక్రం కథ. ఇందులో అగ్నిలాంటి ఎండ ఉంది, యజ్ఞంలాంటి పట్టుదల ఉంది, చివర్లో మరణం ఉంది. కాళ్లు కడుక్కుని వచ్చి కూర్చోండి అని మొదలుపెడదామనుకున్నాను. నిజానికి ఉన్నది కూలర్‌లోంచి పీకిన మోటారు, దానికి బిగించిన గాలం కర్ర, మా బాబాయి. మరణం మాత్రం ఉంది. అది అబద్ధం కాదు.

బాబాయి చీమకుర్తిలో గ్రానైట్ కోసే యూనిట్లో చాలా ఏళ్లు పనిచేశాడు. రాతిపొడి ఊపిరితిత్తుల్లో పేరుకుపోయిందని ఒంగోలు డాక్టరు ఎక్స్‌రే ఎత్తి చూపించాడు. బయటికొచ్చాక బాబాయి, "ఇంట్లో గ్రానైట్ వేయించలేకపోయాగానీ, ఒంట్లో వేయించుకున్నాన్రా" అన్నాడు. మా ఇంట్లో జోకులు నాతో మొదలవలేదు.

పని మానేశాక ఆయనకు మిగిలిన కోరిక ఒకటే. తన చేత్తో చేసుకున్న గాలం రాడ్ పట్టుకుని గుండ్లకమ్మ రిజర్వాయర్ గట్టు మీద కూర్చోవాలి. చిన్నప్పటినుంచీ వెదురు కర్రతోనే చేపలు పట్టాడు. ఈసారి ఫైబర్ కర్ర తెప్పించాడు, ఏడడుగులది, ఒకటే ముక్క. రెండు ముక్కలది తీసుకోమంటే, "అతుకుంటే బలముండదురా" అన్నాడు. దారం వెళ్లే రింగుల్ని ఒక్కొక్కటే కర్రకి ఆనించి ఎర్రటి నూలు చుట్టాడు. కాసేపు చుట్టడం, కాసేపు ఆయాసపడటం.

ఆ నూలు మీద రెసిన్ అనే జిగురు పూయాలి. రాతిపలకల పగుళ్లకు పూస్తారే, అలాంటిదే. అది పూయడం ఆయనకు నిద్రలో కూడా వచ్చు. ఆరబెట్టడం దగ్గరే బోల్తాపడ్డాం. మా వైపు ఏది ఆరాలన్నా కల్లంలో పడేస్తాం. మిరపకాయలు, తడిసిన పరుపులు, వానకి నానిన బైబిలు, అన్నీ అక్కడే. రాడ్‌ని కూడా తీసుకెళ్లి మిరపకాయల పక్కనే పట్టా మీద పెట్టాం. ఒక్కరికీ అనుమానం రాలేదు.

ఎండకి రెసిన్ పల్చబడి కిందికి జారి బొట్లుగా గట్టిపడింది. కూలీలు కాయలు తిరగేస్తుంటే లేచిన కారం, గింజలు దానికి అంటుకుపోయాయి. సాయంత్రం బాబాయి దాన్ని ఎత్తి చూసి, "చేప పడకముందే మసాలా పట్టించాంరా" అంటూ తుమ్మాడు. తుమ్ము దగ్గయింది. పిన్ని నీళ్లు తెచ్చినా ఆ దగ్గు ఆగలేదు. అప్పుడు నవ్వుతున్నది నేనొక్కణ్ణే. నేనూ ఆపేశాను.

బ్లేడుతో అంతా గీకి మళ్లీ నూలు చుట్టాడు.

"ఈసారి ఆరేదాకా మెల్లగా తిప్పుతూ ఉండాలంట బాబాయ్. అప్పుడు కారదు."

"గ్రిల్ చికెన్ లాగానా?"

"అంతే."

"చేత్తో నేను తిప్పలేన్రా. నువ్వు తిప్పితే ఫోన్ మోగగానే వదిలేస్తావు."

నిజమే. అందుకని కూలర్ ముందు రెక్కల్ని అటూ ఇటూ ఊపే చిన్న మోటారును పీకాను. దాని ఇరుసుకి నీళ్ల సీసా మూత అంటించి, రాడ్ మొదలు అందులో దూర్చి, సైకిల్ ట్యూబు ముక్కలు కుక్కి బిగించాను. రెండో కొస కింద గంటు కోసిన చెక్క పెట్టాను.

"మనిషికి గాలాడక చస్తుంటే కూలర్ విప్పుతావేందిరా సచ్చినోడా?" అంది పిన్ని.

"గాలి వస్తుంది పిన్నీ. తిరగదు, అంతే."

రెసిన్ పూసి మోటారు స్విచ్ వేశాం. రాడ్ తిరిగింది, పెళ్లికూతురు ప్రదక్షిణం చేసినంత నిదానంగా. కరెంటు పోతే బాబాయి లేచి చేత్తో తిప్పేవాడు. కరెంటు వచ్చాక మోటారు ఒక్కోసారి ఎదురు దిక్కుకి తిరిగేది. "మీ పిన్ని పోలిక" అనేవాడు రొప్పుతూనే.

కాసేపటికి కూలర్ ఆపెయ్యమన్నాడు.

"ఈ ఉక్కలోనా?"

"గాలికి దుమ్ము లేస్తుందిరా. తడి మీద పడుద్ది."

కిటికీలు మూయించాడు. నేల మీద నీళ్లు చల్లించాడు. పిన్ని గుమ్మంలోంచి ఇదంతా చూసి, "ఈ జాగర్త ఆ యూనిట్లో నీ ముక్కుకి ఒక్కరోజన్నా తీసుకున్నావా?" అంది.

"అక్కడ ముక్కుకి కట్టుకోమని గుడ్డ ఇచ్చార్లేవే. ఉక్కపోస్తుందని మెళ్లో వేసుకునేవాళ్లం."

నా దగ్గర ఒక జోకు సిద్ధంగా ఉంది. నోట్లోనే ఉంచుకున్నాను. బాబాయి చెమటలు కక్కుతూ, నోటితో గాలి లాక్కుంటూ, రెసిన్ గట్టిపడేదాకా రాడ్ మీద ఈగ వాలనివ్వలేదు.

రాడ్ అద్దంలా వచ్చింది. వెంటనే రిజర్వాయర్‌కి వెళ్దామన్నాను. రెసిన్ లోపలిదాకా గట్టిపడాలంటే వారం ఆగాలన్నాడు. "తొందరపడితే పగులుద్దిరా. రాయికైనా ఇంతే." ఆ వారం ఆయన ఆగాడు, ఆయన కోసం ఊపిరి ఆగలేదు. ఒంగోలు ఆసుపత్రినుంచి శవాన్ని వ్యానులో తీసుకొచ్చాం.

సమాధికి తీసుకెళ్లేముందు పిన్ని రాడ్ తెచ్చి, "ఆయన పక్కన పెట్టండ్రా" అంది. ఐమూలగా కూడా పెట్టి చూశాం. శవపెట్టె ఆరడుగులు, రాడ్ ఏడడుగులు. విరిచి పెడదామని ఎవరో అన్నారు. పిన్ని రాడ్ లాక్కుని లోపలికి తీసుకెళ్లిపోయింది.

ఇప్పుడది కూలర్ వెనక గోడకి ఆనించి ఉంది. మోటారు తిరిగి కూలర్‌కే బిగించాం. స్క్రూ ఒకటి కనపడలేదు, ఇనపతీగతో కట్టాం. రెక్కలు బాగానే ఊగుతున్నాయి.