పిల్ల పడుకునే గదిలో పంచాయితీ

మీరు దొంగ తూకం తూచే పెద్దమనుషులు. విడిపోయిన ఆలుమగలను చెరోవైపు కూర్చోబెట్టి, "పిల్ల వారం ఇతని దగ్గర, వారం ఆమె దగ్గర. చెరిసగం. ఖలాస్" అని చాయ్ తాగి లేచి వెళ్ళిపోయింది మీరు కాదా? అలా లేచి వెళ్ళిపోని మనిషిని ఒక్కణ్నే చూశాను. మా పెద్దబాపు, మా నాన్నకు సొంత అన్న. మొన్న ఆయన పోయాడని ఊరి నుంచి ఫోను వచ్చింది. కన్నీళ్ళకంటే ముందు నాకు కోపం వచ్చింది. ఆయన పోయాడు. మీరింకా పంచాయితీలు చేస్తూనే ఉన్నారు.

ఎనభైల మొదట్లో మేం దుబాయ్‌లో ఉండేవాళ్ళం. నాన్న సూపర్‌వైజర్, కంపెనీ ఇచ్చిన చల్లటి ఫ్లాటు. అమ్మ అదే ఊళ్ళో డేరా అనే పేటలో ఒక ఆస్పత్రి లాండ్రీలో పనిచేసేది. విడిపోయాక ఆమెకు దొరికింది ప్లైవుడ్ అడ్డం పెట్టిన ఒక గది. పెద్దబాపు ఎడారి అవతల రువైస్ అనే ఊళ్ళో వెల్డర్. సెలవు దొరికితే అంత దూరం నుంచి మెడ మీద తడి తువ్వాలతో వచ్చేవాడు. రాగానే నా మంచం మీద కూర్చుని పరుపు నొక్కి చూసేవాడు. "నిద్ర పడుతున్నదా బిడ్డా?" తిన్నావా అని అందరూ అడుగుతారు. ఇది మాత్రం ఆయన ఒక్కడే అడిగేవాడు.

నేను వారం అటు, వారం ఇటు. రోజులు సమానం కాబట్టి అమ్మకు దమ్మిడీ ఇవ్వనన్నాడు నాన్న. అమ్మ జీతంలో అద్దె పోను నా బడి ఫీజుకు మిగిలేది కాదు. అడిగితే ఆయన దగ్గర ఒక్కటే జవాబు. "సాకలేకపోతే నాకే ఇచ్చెయ్యి." నా వీసా ఆయన పేరు మీద. పాస్‌పోర్టు ఆయన జేబులో.

ఆయనకు ఇంకో సాక్ష్యం కూడా ఉంది. నేనే. "నాన్న ఇంట్లో ఏసీ ఉంది, అక్కడే ఉంటా" అన్నానట. అన్నాను, అయితే? తొమ్మిదేళ్ళ పిల్ల ఎండాకాలంలో చల్లగాలి కోరుకుంటే అది తల్లి మీద తీర్పా? డబ్బున్న ఇల్లు పిల్ల మనసును లాగేసుకుంటుంటే చూస్తూ కూర్చోవడాన్నే మీరు న్యాయం అంటారు!

ఈ ఖర్చుల గొడవ తేల్చే పంచాయితీ నాన్న ఫ్లాటులో అనుకున్నారు. పెద్దబాపు వినలేదు. "పోరి యాడ పంటదో గాడనే కూసుందాం" అని అందరినీ అమ్మ గదికి పట్టుకొచ్చాడు. జూలై, శుక్రవారం మధ్యాహ్నం. గదిలో ఏసీ ఎప్పుడో చెడిపోయింది, బాగుచేయించే దిక్కు లేదు. నాన్న, ఆయన వెంట వచ్చిన ఇద్దరు పెద్దమనుషులు నా మంచం మీద ఇరుక్కుని కూర్చున్నారు. పెద్దబాపు తలుపు మూశాడు.

అమ్మ పొగలు కక్కే చాయ్ అందించింది. "తాగుండ్రి. మంచిగ ఉడుకుడుకుగ ఉన్నది."

ఒక పెద్దమనిషి చొక్కా గుండీలు విప్పుకున్నాడు. "దినాలు సమానమే గద అన్నా. యల్లా, జల్ది ముగియ్యి."

"సమానమా?" పెద్దబాపు నాన్న వైపు తిరిగాడు. "ఇస్కూలు ఫీజు ఏ వారంల వస్తది తమ్మీ? జెరం నీ వారం చూసుకొని వస్తదా?"

"నా వారం నేను పెడుతున్న గద." నాన్న మొహం తుడుచుకున్నాడు. "మన ఫ్లాటుకు పోదాం పా అన్నా. గీడ ఊపిరాడతలేదు."

"నీ బిడ్డ వారమంత గీడనే పంటది. నీకు గంట ఓపిక లేదా?"

నాన్న లేచి, జేబులోంచి నా పాస్‌పోర్టు తీసి ఊపాడు. "ఎక్కువ మాట్లాడితే వీసా కాన్సల్ చేసి పోరిని ఊరికి తోలుత. ఖలాస్!"

అమ్మ పళ్ళెం కింద పెట్టేసింది. నేను ఆమె కొంగు పట్టుకున్నాను. పెద్దబాపు తలుపుకు వీపు ఆనించి చెయ్యి చాపాడు.

"నిన్ను ఈ దేశం తెచ్చింది నేను. గిట్ల బెదిరియ్యనీకి తేలే. అది ఇటియ్యి, తలుపు తీస్త."

నాన్న గడ్డం మీంచి చెమట కారుతోంది. పెద్దబాపు చెయ్యి దించలేదు. చివరికి పాస్‌పోర్టు ఆ చేతిలో పడింది. ఆ తర్వాత అది రువైస్‌లో, ఆయన పెట్టెలోనే ఉంది.

నాన్న జీతం అమ్మ జీతానికి మూడింతలు. అందుకే ఫీజూ మందులూ నాన్నవే అన్నాడు పెద్దబాపు. అమ్మ గది అద్దెలో సగం, కొత్త ఏసీ కూడా నాన్నవే అన్నాడు. "దాని గదికి నేనెందుకు కట్టాలె?" అన్నాడు నాన్న. "అది నీ బిడ్డ గదిరా. బిడ్డ ఒక్కతే. రెండిండ్లల్ల ఉన్నదని రెండు తీర్ల బతుకద్దు." నాన్న సణుగుతూనే నెల నెలా కట్టాడు. నేను అమ్మ దగ్గరా ఉన్నాను, బడికీ పోయాను.

ఆ సాయంత్రం బస్సెక్కే ముందు పెద్దబాపు మెడ మీది తువ్వాల తడిపి నా మంచం పక్క కిటికీకి కట్టాడు. తనకు మిగిలింది వేడిగాలే.

ఆయనకు దండలు వద్దు. నాకు ఇవి కావాలి:

రోజులు లెక్కపెట్టే ముందు రెండు జీతాలూ చూడండి.

ఎక్కువ సంపాదించేవాళ్ళతో ఎక్కువ కట్టించండి, పిల్ల ఎవరి వారంలో ఉన్నా సరే.

ఖర్చు అడిగిన తల్లికి పిల్లను లాక్కుంటామని చెప్పకండి.

పిల్ల పాస్‌పోర్టుతో ఎవర్నీ బెదిరించనివ్వకండి.

ఏ ఇల్లు కావాలని పిల్లను అడక్కండి. రెండిళ్ళనూ ఉండదగినట్టు చేయండి.

పంచాయితీ పిల్ల పడుకునే గదిలో పెట్టండి. తలుపు మూసి. తడి తువ్వాల ఒక్కటే ఉంటే, అది పిల్లకివ్వండి.