ఇంటిపేరు పిలవని టీచరమ్మ

మా తెలుగు టీచరమ్మ పోయారని ఆదివారం పొద్దున ప్రొద్దుటూరు నుంచి ఫోను వచ్చింది. టీ గ్లాసు పక్కన పెట్టి బయలుదేరాను. ఆమె చేతి మొట్టికాయలు ఎన్ని తిన్నానో, ఆమె మీద నాకంత ప్రేమ.

జమ్మలమడుగు బడిలో హాజరు తీసుకునేటప్పుడు టీచరమ్మ ఎవరి ఇంటిపేరూ పలికేవారు కాదు. ఇంటిపేరు వింటే చాలు, ఎవరిది ఏ వర్గమో తెలిసిపోయే రోజులవి. "ఇంటిపేర్లు మీ నాయన్ల కొట్లాటలకు పెట్టుకోండప్పా. నాకు పేరు చాలు" అనేవారు. బడికి రాని పిల్లల ఇంటికి సాయంత్రం నడిచిపోయి, "బిడ్డ యాడ?" అని వాకిట్లో నిలబడేవారు. వాళ్లు పెట్టే వేరుశనక్కాయలు మాత్రం కాదనకుండా కొంగులో పోయించుకునేవారు.

మేం పెద్దయ్యాక ఒక ఎన్నికల్లో మా ఊరి బూత్‌కు టీచరమ్మే ప్రిసైడింగ్ ఆఫీసరుగా వచ్చారు. నేను ఒక పార్టీ ఏజెంటును. ఎదుటి పార్టీ ఏజెంటూ ఆమె శిష్యుడే. మా ఇద్దరికీ మాటల్లేక ఏళ్లయింది. మధ్యాహ్నం మా క్లాసులోనే చదివిన ఒకామె ఓటుకు వచ్చింది. బడిలో ఉన్నప్పుడు అందరూ మగపిల్లాడనే అనుకున్న మనిషి, ఇప్పుడు చీర కట్టుకుని ఊరి చివర విడిగా బతుకుతోంది. జాబితాలో ఉన్నది పాత పేరు. ఆమె ఓటు ఎటో మా ఇద్దరికీ తెలియదు. అందుకే ఇద్దరం ఒకేసారి లేచి, "ఆ పేరు గల మనిషి ఈమె కాదు" అని అభ్యంతరం పెట్టాం.

"ఇన్నేండ్లకు ఇద్దరూ ఒక మాట మీదికి వచ్చినారే. అదీ ఒకరి ఓటు తీసేసేదానికి" అన్నారు టీచరమ్మ. తర్వాత ఓటుకు వచ్చినామె వైపు తిరిగారు. "నీ పేరేందమ్మా?"

"లిస్టులోదా, నాదా మేడం?"

"రెండూ చెప్పు."

చెప్పింది.

టీచరమ్మ నన్ను చూశారు. "ఈమె ఎవరో నాకు తెలుసు. కాదంటాండేది నువ్వు కాబట్టి నువ్వే రుజువు చెయ్యల్ల. గుడ్డలు చూసి ఓటు ఆపమని చట్టంలో యాడా లేదప్పా. ఈమె ఆ మనిషి కాదని నా కండ్లలోకి చూసి చెప్పు."

బయట మా నాయకుడి జీపు ఆగి ఉంది. మాట తేడా వస్తే నా గతి ఏమిటో నాకు బాగా తెలుసు. అయినా టీచరమ్మ ముందు అబద్ధం నోట్లోంచి ఊడిపడలేదు. "ఆమేలే మేడం" అన్నాను. ఎదుటి ఏజెంటూ అభ్యంతరం వదులుకున్నాడు, ఆమె ఓటేసి పోయింది. ఆ తర్వాత నన్ను ఏ పార్టీ వాళ్లూ ఏజెంటుగా పెట్టుకోలేదు. పీడ విరగడైంది. ఆ రుణం మాత్రం టీచరమ్మదే.

ఆదివారం నేను ప్రొద్దుటూరు చేరేసరికి ఆ రోజు ఓటుకు వచ్చిన మా క్లాసుమేటు టీచరమ్మ ఇంటి గేటు బయట, ఆడవాళ్లకూ మగవాళ్లకూ దూరంగా నిలబడి ఉంది. టీచరమ్మకు స్నానం చేయించేందుకు ఆడవాళ్లు లేచారు. అప్పుడు టీచరమ్మ కూతురు గేటు దాకా వచ్చింది.

"ఈడ నిలబడినావేందక్కా? మాయమ్మకు నువ్వే తల దువ్వల్ల."

ఆడవాళ్లందరి వెనక ఆమె చెప్పులు విప్పి లోపలికి పోయింది. తలుపు మూసుకుంది. మేం మగవాళ్లం బయట నిలబడ్డాం.