స్తంభానికి కట్టిన తాడు

శ్రీకాకుళంలో ఫోన్లు బాగుచేసే ఒక చిన్న దుకాణంలో మొన్న టంకం పొగ వాసన పీలుస్తూ కూర్చున్నాను. దుకాణదారు నా ఫోనుకు కొత్త స్పీకరు బిగించి, సరిచూడటానికి ఒక పాట పెట్టాడు. ముందు ఒక ఆడమనిషి దగ్గు. వెంటనే రేకుని రంపంతో కోసినట్టు గిటారు. దాని వెనక ఆ గొంతు. తాగుతున్న టీ పక్కన పెట్టేశాను. "ఈ పాటకి స్పీకరు పగల్లేదంటే ఇంక బెంగ లేదండి" అన్నాడతను. "ఒకటే లోపం. ఆఖర్న తెగిపోతాది. ఫైలు పాడైపోయినట్టున్నాది." పాడవలేదని, అది అలాగే రికార్డయిందని చెప్పాను. అతను నమ్మినట్టు లేదు. ఆ పాట ఉన్న ఆల్బమ్ మెమొరీ కార్డుల్లో ఊరూరా తిరిగింది. కాలేజీ పిల్లలు ఇప్పటికీ దాన్ని మన వైపు మొదటి పంక్ ఆల్బమ్ అని చెప్పుకుంటారు. పాడినామె ఎవరో మాత్రం చాలామందికి తెలియదు.

ఆమె పేరు కొర్లమ్మ. మా జిల్లా తీరంలో ఒక మత్స్యకార పల్లె ఆమెది. ఒక కర్మాగారం గొట్టం సముద్రంలోకి దిగాక అక్కడ చేప తగ్గిపోయింది. మగవాళ్లు గుజరాత్ బోట్ల మీద పనికి వెళ్లిపోతున్నారు. ఈ దశాబ్దం మొదట్లో ఒక ఉదయం దాని గురించి రాయడానికి వెళ్లాను. ఒడ్డున పెద్దవల లాగుతున్నారు. పడవ ఆ వలని నీళ్లలో అర్ధచంద్రంలా విడిచి వస్తే, రెండు చివరల తాళ్లూ పట్టుకుని పల్లె పల్లెంతా లాగాలి. ఒకరు గొంతు ఇవ్వాలి. మిగతావాళ్లు ఐలేసా అంటూ ఒక్క ఊపున వెనక్కి అడుగెయ్యాలి. గొంతు ఇచ్చేది ఎప్పుడూ మగవాడే. ఆ రోజు ఇవ్వడానికి మగవాడు లేక కొర్లమ్మ ఇస్తోంది. నేను దగ్గరికి వెళ్లి, పేరేమిటమ్మా అని అడిగాను. ఆమె నా వైపు తిరగలేదు.

"పేపరు బాబు వచ్చినాడు" అంది గొంతు పెంచి. "ఐలేసా" అన్నారు ఆడవాళ్లు. "బూట్లేసుకుని నిలబడ్డాడు." "ఐలేసా." "తాడు పడితే సేతులరుగునా." "ఐలేసా." నవ్వులతో తాడు వదులైంది. నేను బూట్లు విప్పి తాడు పట్టుకున్నాను. వల చివరి సంచి ఇసుక మీదికి వచ్చేసరికి అందులో నల్లటి నాచూ, జెల్లీచేపలూ, బుట్ట అడుగు కూడా నిండని కవ్వళ్ల చేపలూ ఉన్నాయి. అప్పుడు నా వైపు తిరిగి చెప్పింది. "గొంతు మజ్జిలో ఆపితే సేతులు సడలిపోతాయి బావూ. నీరు వలని ఎనక్కి లాక్కుపోద్ది. సంచి ఇసకెక్కీదాక ఆపకూడదు. అందుకే నీకు పలకనేదు. ఇప్పుడడుగు."

వార్త రాశాను. సమస్యను పరిశీలిస్తామని అధికారులు తెలిపారన్న వాక్యం ఆఖర్న మా పత్రిక డెస్కు చేర్చింది. మళ్లీ వెళ్లినప్పుడు ఆమె ఎవరిచేతనో చదివించుకుని ఉంది. "అంతా బాగానే రాసినావు. ఆ ఆఖరు ముక్క ఎవులికోసం?" అంది. నేను చెప్పబోయాను. "నాకు తెల్దా? సదివినోడు నిద్రపోవాలి గదా" అని చేపలబుట్ట ఎత్తుకుంది.

ఆ వార్త చదివి నన్ను వెతుక్కుంటూ వచ్చినవాడు ప్రకాష్. బొబ్బిలిలో వీణలు చేసే ఇంట పుట్టి, విజయనగరం కాలేజీలో గిటారు పట్టాడు. పంక్ అంటే ఏమిటని అడిగితే, "బాగా పాడటం రానోళ్లు, ఊరుకోవడం కూడా రానోళ్లు చేసే పాటండి" అన్నాడు. అతన్ని పల్లెకు తీసుకెళ్లాను. కొర్లమ్మ అంతా విని ఒకే మాట అడిగింది. "ఈ పాట ఫోన్ల మీద గుజరాత్ ఎల్తాదా?"

ఎందుకడిగిందో అప్పటికే మాకు తెలుసు. పెద్దవల పల్లె ఉమ్మడి ఆస్తి. లాగడానికి మనుషులు చాలడం లేదు. వేట నిషేధం రోజులు ముగిసే లోపు మగవాళ్లు తిరిగి రాకపోతే వలని ముక్కలు కోసి అమ్మేద్దామని పెద్దలు నిర్ణయించారు. వెళ్లినవాళ్లలో ఆమె భర్త గురుమూర్తి ఒకడు. ఆమెకు కావలసింది ఆల్బమ్ కాదు, తాడుకి చేతులు.

విజయనగరంలో అమ్మవారి పాటలు రికార్డు చేసే ఒక గది దొరికింది. ప్రకాష్, అతని స్నేహితులిద్దరూ వాయిస్తున్నారు. కొర్లమ్మతో వచ్చిన ఆడవాళ్లని మైకుల ముందు కుర్చీల్లో కూర్చోబెడితే గొంతులు పెదవి దాటలేదు. "సేతుల్లో ఏటీ నేకపోతే నోరెలాగొస్తాదిరా?" అని విసుక్కుంది కొర్లమ్మ. ప్రకాష్ బజారుకి పోయి తాడు కొనుక్కొచ్చాడు. ఒక చివర గది మధ్య స్తంభానికి కట్టాడు. ఆడవాళ్లు చెంగులు బిగించి లాగడం మొదలుపెట్టారు. గోడలకు కొట్టిన గోనెలు అదిరాయి. ఒక్కో పాటా ఒక్కో ఊపులో అయిపోయింది.

చివరి పాటలో ఆమె వెళ్లిపోయిన మగవాళ్ల పేర్లు పిలవసాగింది. ఒక పేరు, ఒక ఐలేసా. పేర్లు అయిపోయాయి, మళ్లీ మొదటినుంచి పిలిచింది. గిటారు తీగ తెగింది. అద్దం వెనకున్న రికార్డింగ్ అతను చేతులు ఊపి, విసిగి, మిషను ఆపేశాడు. పాట తెగింది అక్కడే. లోపల మాత్రం ఆగలేదు. సంచి ఒడ్డెక్కితేనే ఆపడం తెలిసినవాళ్లు వాళ్లు. అక్కడ సంచి లేదు. కాసేపటికి ప్రకాష్ వెళ్లి స్తంభానికున్న ముడి విప్పాడు. తాడు నేలమీద జరజరా పాకి ఆమె కాళ్ల దగ్గరికి వచ్చింది. అప్పుడు ఆపింది. ఆ ఉత్త చివరని చేత్తో ఎత్తి చూసి, కింద పెట్టింది.

పాటలు గుజరాత్ చేరాయి. ఒక సాయంత్రం నేను పల్లెలో ఉండగా గురుమూర్తి ఫోన్ చేశాడు. అందరూ వినాలని ఆమె స్పీకరు నొక్కింది.

"నీ పాట బోట్లన్నిటా మోగతన్నాదే. మా సేటు కూడా తలూపినాడు."

"పేరు పిలిస్తే పలకాల గదా. ఎప్పుడొస్తన్నావు?"

"వొచ్చి ఏటి పట్టాలే, నాచా?" అన్నాడు. కోపంగా అనలేదు. ఆమె కూడా తిట్టలేదు. "తిన్నావా?" అని అడిగి పెట్టేసింది.

వేట నిషేధం ముగిసింది. ఎవరూ రాలేదు. వచ్చిందల్లా నగరం నుంచి ఫొటోలు తీసుకోవడానికి వచ్చిన పిల్లలే. వాళ్లు ఆమె చేత ఐలేసా అనిపించాలని చూశారు, ఆమె ఇంట్లోంచి బయటికి రాలేదు. కూరగాయల తోటలకు కంచె కట్టుకునేవాళ్లు వల కొనుక్కున్నారు. దాన్ని ఇసుకమీద పరిచి కొయ్యడానికి ఆడవాళ్లంతా కూర్చున్న రోజు నేను వెళ్లాను. బిగించి పట్టుకోకపోతే కత్తి దిగదు. కొర్లమ్మ కోస్తుంటే అవతలి అంచు నేను పట్టుకున్నాను. అలవాటు కొద్దీ ఒకామె ఐలేసా అని ఎత్తుకుంది.

"నోరు ముయ్యే" అంది కొర్లమ్మ మెల్లిగా. "ఇది లాగడం కాదు. దీనికి గొంతియ్యకూడదు."

చీకటి పడేదాకా కత్తుల చప్పుడే. మరుసటి ఏడు ఆమె కూడా గుజరాత్ వెళ్లి, రేవులో రొయ్యలు ఒలిచే పనిలో చేరిందని విన్నాను. ఆ తర్వాత కబురు లేదు. ఆ ఆల్బమ్ ఏం మార్చిందో రాయమని పత్రికలవాళ్లు అప్పుడప్పుడు అడుగుతారు. ఏమీ మార్చలేదు. గొట్టం ఉంది, పల్లెలో సగం ఇళ్లకు తాళాలున్నాయి.

నేనింకా వార్తలు రాస్తున్నాను. పడవ బోల్తా పడ్డ చోటికీ, కొంపలు కాలిన చోటికీ ఇప్పటికీ నన్నే పంపుతారు. రాస్తూ రాస్తూ ఉండగా ఎక్కడో ఒక వాక్యం దానంతటదే లయ కట్టుకుని అందంగా లేస్తుంది. వల కోసిన రోజు గుర్తొచ్చి దాన్ని కొట్టేస్తాను. కొట్టేశాక మిగిలేది చాలా కొంచెం. ఆ కొంచెమే పంపిస్తాను.