కారణం: తెలంగాణ బంద్

దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీ నగర్ వెళ్లే దారిలో మా కాలేజీ. ఉద్యమం రోజులు. మా ఫిజిక్స్ డిపార్ట్‌మెంట్‌లో ఇద్దరు మాట్లాడుకుంటున్నారంటే ఒకరు తప్పకుండా అరుస్తూ ఉండేవారు. ఎక్కువసార్లు అది నేనే.

ఆ గొడవల మధ్యే మాకొక పని పడింది. యూరప్‌లో నడిచే ఒక పెద్ద కణభౌతిక ప్రయోగంలో మా కాలేజీకీ చిన్న వాటా ఉంది. అక్కడ పుట్టే డేటా ఒక్కచోట పట్టదు కనుక, దాన్ని పంచి తలా కొంత విశ్లేషించడానికి ప్రాంతాలవారీగా కంప్యూటింగ్ కేంద్రాలు పెట్టాలనుకున్నారు. మన దేశంలో ఎవరికివ్వాలో తేల్చేది వేరే ఊళ్లో కూర్చున్న కమిటీ. మాకు వస్తే నా దగ్గర రీసెర్చ్ చేసే అమ్మాయి లెక్కలు ఇక్కడే నడుస్తాయి. రాకపోతే ఇంకో ఊరి మెషీన్ల ముందు, వాళ్ల పిల్లలందరి పనీ అయ్యాకే ఆమె వంతు. అప్పటికే ఆమె థీసిస్ ఆ వరుసలో మూలుగుతోంది. నల్గొండ పల్లె నుంచి వచ్చిన పిల్ల. బంద్ వస్తే ఎల్బీ నగర్ చౌరస్తాలో రోడ్డు మీదే పొయ్యి పెట్టి వండి, అక్కడే కూర్చుని తినే వంటావార్పులో అందరికన్నా ముందుండేది.

కేంద్రం కోసం కమిటీకి పంపాల్సిన ప్లాను రాయమని నాకూ, కృష్ణా జిల్లా నుంచి వచ్చి దిల్‌సుఖ్‌నగర్‌లో స్థిరపడ్డ నా సహోద్యోగికీ అప్పగించారు. మమ్మల్నిద్దరినీ ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టినవాళ్లకి బుర్ర లేదని అప్పుడే అనుకున్నాను.

కేంద్రాలకొక నియమం ఉంది. ఏ కేంద్రమైనా ఆగొచ్చు, దాని పని మిగతావి అందుకుంటాయి. కానీ కారణంతో సహా ముందే చెప్పి ఆగాలి. బంద్ నాడు మా జనరేటర్‌కు డీజిల్ రాదు. కరెంటు పోయి ఏసీ ఆగితే మెషీన్లు పాడవుతాయి, కాబట్టి ముందు రోజే ఆపేయాలి. ఆ బంద్ సంగతి సరూర్‌నగర్ గల్లీల్లో ఆటోకు మైకు కట్టి మరీ ముందే చెప్తారు. ఇంత పద్ధతిగా ఆగే ఊరు ఇంకెక్కడుంది? ఆపడానికి కారణాలు రాయాల్సిన చోట "తెలంగాణ బంద్" అని రాశాను.

"మెయింటెనెన్స్ అని రాసేద్దామండీ. అందరూ అదే రాస్తారు," అన్నాడాయన.

"ఎందుకు సార్? దొంగతనం చేస్తున్నమా? బంద్ అంటే మీకెందుకంత మంట?"

"మంట కాదు మేడమ్. కమిటీ వాళ్లు భయపడతారని చెబుతున్నాను. ఆపైన మీ ఇష్టం."

"మా ఇష్టమే."

ప్లాను తిరిగొచ్చింది. ఇందులోకి రాజకీయాలు తేవద్దు, మళ్లీ ఆలోచించుకోండి అని ఒక్క వాక్యం రాశారు. నాకు ఒళ్లు మండిపోయింది. చెప్పా పెట్టకుండా ఆగిపోయే ఊళ్లకు కేంద్రాలిచ్చి, చెప్పి ఆగేవాళ్లకు పాఠాలా? ఒక్క అక్షరం మార్చకుండా మళ్లీ పంపమని ఆ అమ్మాయికి చెప్పి ఇంటికి వచ్చేశాను.

కొన్నాళ్లకు ఆ కంప్యూటింగ్ కేంద్రాన్ని మాకే ఇచ్చినట్టు కమిటీ నుంచి మెయిల్ వచ్చింది. దానికి జతచేసిన ప్లానులో నేను రాసిన కారణం లేదు. మెయింటెనెన్స్ అని ఉంది.

తిన్నగా ఆయన గదికి వెళ్లాను. ఆయన అన్నం డబ్బా తెరుస్తున్నాడు.

"మేం రాసింది కొట్టేసే హక్కు మీకెవలిచ్చిన్రు సార్?"

"నేను దాని జోలికే పోలేదండీ."

"మీరు గాక ఇంకెవలు చేస్తరు?"

నోటికొచ్చినవన్నీ అన్నాను. ఆయన ఊరినీ, యాసనూ కూడా వదల్లేదు. వరండాలో జనం పోగయ్యారు. వాళ్లలోంచి మా రీసెర్చ్ అమ్మాయి లోపలికి వచ్చింది.

"సార్‌ను ఏమనకుండ్రి మేడమ్. నేనే మార్చిన."

"నువ్వా? వంటావార్పుల ముందుండే దానివి, నువ్వెట్ల మారుస్తవ్?"

"రోడ్డు మీద కూసునేది నేనే గద. మీరెన్నడన్న ఒచ్చిన్రా? మీరు కాయితం మీద కొట్లాడుతుంటే నా చదువు ఆగవట్టె. నాకు తెలంగాణ గావాలె, సెంటర్ గూడ గావాలె."

ఆయన డబ్బాకు మూత పెట్టి, ఎవరి వైపూ చూడకుండా బయటికి వెళ్లిపోయాడు. నేను క్షమాపణ చెప్పలేదు, ఆయన అడగలేదు. ఆ అమ్మాయితోనూ చాలా రోజులు పని మాట తప్ప ఇంకోటి మాట్లాడలేదు.

కొత్త కేంద్రం నడవడం మొదలయ్యాక మళ్లీ బంద్ వచ్చింది. ముందు రోజు సాయంత్రం మెషీన్లు ఒక్కొక్కటే ఆపుతూ, నా వైపు తిరక్కుండానే ఆ అమ్మాయి అడిగింది.

"రేపు ఎల్బీ నగర్ ఒస్తరా మేడమ్?"

పనుందన్నాను.

"ఏం పని మేడమ్, అన్నీ ఆపేస్తున్న గద?"