గోడలోని పలకరింపు

రోజుల లెక్కన అద్దెకిచ్చే ఆ నాలుగు గదుల మేడలో అందరూ ఆమెను తాళాల పెద్దమ్మ అంటారు. తలుపులకు అంకెల తాళాలు వచ్చాక ఆమె దగ్గర ఒక్క తాళంచెవీ లేదు, పేరు మాత్రం మిగిలింది. ఒకప్పుడు అతిథి మెట్ల మీద కనబడగానే ఎదురెళ్లి సంచీ అందుకునేది. ఆమె పలకరింపును అందరూ మెచ్చుకుంటున్నారని యజమాని దాన్ని రికార్డు చేయించి, తలుపు తీయగానే వినబడేలా గోడలో పెట్టించాడు. మరుసటి ఏడాది గొంతు ఆపరేషన్‌తో ఆమెకు మాట పోయింది. యజమాని ఆమెను పనిలోంచి తీసేయలేదు, ఆ మాటకొస్తే. గదులు తుడవడానికి ఉంచుకున్నాడు. తుడిచినంతసేపూ ఆమె తలుపుకు బకెట్ అడ్డం పెడుతుంది. మూసి తీస్తే మళ్లీ తన గొంతే వినాలి.

ఆరోజు ఆమె పని ముగించి బకెట్ తీసేసరికి తలుపు మూసుకుంది. అంతలోనే బయట అంకెలు నొక్కిన చప్పుడైంది. ఒక జంట ముందుగానే వచ్చేసింది.

“రండి నాయనా, ఎంత దూరం నుంచి వచ్చారో. ముందు కాసిని మంచినీళ్లు తాగండి,” అంది గోడ.

పెద్దమ్మ చెయ్యి తుడుచుకుని, గ్లాసుతో నీళ్లు తెచ్చి ఆ అమ్మాయికి అందించింది.

“ఎవరండీ ఆ మాట్లాడింది?” అంది అమ్మాయి, గదంతా చూస్తూ.

పెద్దమ్మ పెదవులు కదిలాయి. శబ్దం రాలేదు.

“పాపం, మూగావిడండీ,” అంది అమ్మాయి భర్తతో మెల్లగా. తర్వాత, పెద్దమ్మకు వినబడదేమోనని గొంతు పెంచింది. “ఇందాక పలకరించినావిడ కనిపిస్తే, మా అమ్మ గుర్తొచ్చిందని చెప్పండి.”

అలాగేనని తలూపి, పెద్దమ్మ బకెట్ అందుకుంది.