ముందు అత్తగారు చూడాలి

ఆ వీధిలో అందరికీ ఆవిడ స్టూడియో అక్క. భర్త ఫోటోలు తీస్తాడు, ఆవిడ వాటిని కంప్యూటర్లో దిద్ది ఆల్బమ్ చేస్తుంది. మూలన ఇంకో ముసలి కంప్యూటర్ ఉంది. దానికి నెట్ లేదు, పక్కదానితో మాటామంతీ లేదు. ఆవిడ దానికి పెట్టిన పేరు అత్తగారు. ఎవరు పెన్‌డ్రైవ్ తెచ్చినా ముందు అత్తగారు చూడాలి. ఫోటోలు తప్ప ఇంకేం కనిపించినా గెంటేసి, ఫోటోలకు ఒక నకలు తన దగ్గర అట్టేపెట్టుకునేది.

"వైరస్ ఏదో ఒక ఫైలు చంకనెక్కి వస్తుందమ్మా. వార్మ్‌కి ఆ తోడు కూడా అక్కర్లేదు, నెట్ దొరికితే తనే పాక్కుంటూ పోతుంది," అని వచ్చినవాళ్లకు ఓపిగ్గా చెప్పేది.

భర్తకు ఒళ్లు మండేది. "నా కెమెరా కార్డు కూడా ఆ డొక్కుకి చూపించాలా? నా మీద అనుమానమా?"

"మీ మీద కాదండీ, కార్డు మీద."

ఒకరోజు ఆవిడ బజారుకెళ్లినప్పుడు ఆయన ముచ్చటపడి, ఆల్బమ్ అంచులకు పువ్వులద్దే సాఫ్ట్‌వేర్ ఒకటి నెట్లో ఉచితంగా దొరికితే ఆవిడ కంప్యూటర్లోకి దింపాడు. ఆవిడ వచ్చేసరికి తెర ఎర్రగా ఉంది. ఫోటోలన్నిటికీ తాళం వేశామట, డబ్బు కడితే తీస్తారట. ఆవిడ గబుక్కున నెట్ వైరు పీకింది. నకళ్లు దాచే డిస్కును ఆయన తగిలించే ఉంచాడు. దానికీ తాళం పడింది.

"పువ్వులే కదా అనుకున్నాను," అన్నాడు.

"ట్రోజన్ అంటే అదే మరి! ముస్తాబై వస్తుంది, మనమే తలుపు తీసి కూర్చోబెడతాం. దాని వెనకాలే రాన్సమ్‌వేర్ వచ్చి తాళాలు వేసింది."

తాళం పడ్డవాటిలో టీచరమ్మగారి అమ్మాయి పెళ్లి ఫోటోలున్నాయి. జన్మలో ఫోటోకు నవ్వని అమ్మమ్మ ఆ పెళ్లిలో పగలబడి నవ్వింది, ఆ నెలలోనే కన్నుమూసింది. మర్నాడే ఆ పిల్ల ఆల్బమ్‌కు వస్తుంది. కార్డేమో ఆయన ఎప్పుడో తుడిచేశాడు.

ఇద్దరూ ఒక్కసారే మూలకు చూశారు. అత్తగారు మూలిగి, గురగురమని, తీరిగ్గా లేచింది. దాని తెరమీద అమ్మమ్మ నవ్వుతూనే ఉంది. స్టూడియో అక్కకు ఏడుపాగలేదు.

దిద్దినదంతా పోయింది, ఆల్బమ్ తయారుకాలేదు. మర్నాడు ఆ పిల్ల మసక తెరమీదే అమ్మమ్మను చాలాసేపు చూసింది.

"దీన్ని దిద్దకక్కా. ఇలాగే ఉండనీ."

ఆ సాయంత్రం భర్త ఏదో పుట్టినరోజు ఫోటోలు తీసుకుని వచ్చాడు. చెప్పులు విడిచి, కార్డు చేత్తో పట్టుకుని గుమ్మంలోనే ఆగాడు.

"అత్తగారు లేచారా?"